స్విచ్‌లు, రౌటర్ల ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ఇన్ని రకాలు ఉన్నాయి: ఏది ముందు నేర్చుకోవాలి? (తిరుపతి)

బైరాగిపట్టెడ_ఫైబర్

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక లోకల్ ఫైబర్ ఇంటర్నెట్ ఆఫీసులో కంట్రోల్ రూమ్ చూసుకుంటున్నాను. ఈసీఈ డిప్లొమా చేశాను. రోజూ నా చేతిలో పడే సామాను చెబుతాను. పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్) కోసం ఒక మైక్రోటిక్ సీసీఆర్ రౌటర్, దాని కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్కో 2960 స్విచ్‌లు, కొర్లగుంట పాయింట్‌లో ఒక హువావే స్విచ్. మాకు అప్‌స్ట్రీమ్, అంటే పైనుంచి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల రాక్‌లో జూనిపర్ ఎంఎక్స్ రౌటర్ ఉంది. దాన్ని చూడటమే కానీ ముట్టుకోనివ్వరు.

మైక్రోటిక్‌లో కస్టమర్ యాడ్ చేయడం, స్పీడ్ ప్రొఫైల్ మార్చడం, క్యూలు చూడటం అలవాటే, అన్నీ విన్‌బాక్స్ అనే మౌస్‌తో నడిపే ప్రోగ్రాంలోనే. సిస్కోలో వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) వేస్తాను, పోర్ట్ షట్, నో షట్ చేస్తాను. హువావే దగ్గర 'షో' పనిచేయదు, 'డిస్‌ప్లే' అనాలి. 'నో' బదులు 'అన్‌డూ'. ఆ మాత్రం మా సీనియర్ చెప్పారు.

పోయిన నెల తెల్లవారి రైలుకి చెన్నైకి ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. మొదటి ప్రశ్నే ఇది: "దూరంగా ఉన్న జూనిపర్‌లో ఫైర్‌వాల్ ఫిల్టర్ మార్చాలి. తేడా వస్తే నీ కనెక్షనే తెగిపోతుంది. ఏం చేస్తావు?" కన్సోల్ కేబుల్‌తో మనిషిని పంపిస్తానన్నాను. ఆయన "కమిట్ కన్ఫర్మ్‌డ్ తెలుసా" అని అడిగారు. తెలియదన్నాను. ఆ తర్వాత వరుసగా పేర్లు చదివారు: సిస్కోవి ఐఓఎస్, ఐఓఎస్ ఎక్స్‌ఈ, ఐఓఎస్ ఎక్స్‌ఆర్, ఎన్‌ఎక్స్ ఓఎస్, జూనిపర్‌ది జూనోస్, అరిస్టా ఈఓఎస్, హువావేది వీఆర్‌పీ, సోనిక్. వీటిలో ఎన్ని చూశావన్నారు.

నా దగ్గర 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. డ్యూటీ అయ్యాక రాత్రి రెండు గంటలు కూర్చోగలను. డబ్బు పెట్టి కోచింగ్‌కి పోయే పరిస్థితి లేదు. ఇవన్నీ నేర్చుకోవాలా? ఒకటి గట్టిగా వస్తే మిగతావి వాటంతటవే వస్తాయా? వరుస ఏమిటి? పని చేసినవాళ్లు చెబితే మేలు.

పీలేరు_వైర్‌లెస్

తమ్ముడూ, చేతిలో మైక్రోటిక్ పెట్టుకుని బయట వెతకొద్దు. విన్‌బాక్స్ మూసి టెర్మినల్ తెరువు. 'ఎక్స్‌పోర్ట్' అని కొట్టి, వచ్చిన కాన్ఫిగ్‌లో (సెట్టింగ్‌ల జాబితాలో) ప్రతి లైన్ ఎందుకుందో చెప్పగలిగే దాకా చదువు. మన వైపు చిన్న ఆపరేటర్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి విన్‌బాక్స్‌లో క్లిక్ చేస్తారు కానీ, బ్రిడ్జిలో వీల్యాన్ ఫిల్టరింగ్ ఎలా నడుస్తుందో అడిగితే చెప్పలేరు.

ఆరో వెర్షన్ నుంచి ఏడుకి మారాక రూటింగ్ భాగం మొత్తం తిరగరాశారు. బీజీపీలో (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే పద్ధతి) 'పీర్' మెనూ పోయి 'కనెక్షన్' వచ్చింది, ఫిల్టర్లు ఇఫ్, దెన్ పద్ధతిలో రాయాలి. యూట్యూబ్‌లో పాత వెర్షన్ వీడియో చూసి కొత్త డబ్బాలో కొట్టి, రాలేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది. వీడియో ఏ వెర్షన్‌దో ముందు చూసుకో.

నిన్ను ఇంటర్వ్యూలో అడిగారే, అలాంటిది మైక్రోటిక్‌లోనూ ఉంది: సేఫ్ మోడ్. టెర్మినల్‌లో కంట్రోల్ ఎక్స్ కొట్టు, ప్రాంప్ట్‌లో సేఫ్ అని కనిపిస్తుంది. ఆ తర్వాత చేసిన మార్పుల వల్ల కనెక్షన్ తెగితే, డబ్బా వాటిని తనే వెనక్కి తీసేస్తుంది. అంతా బాగుంటే మళ్లీ కంట్రోల్ ఎక్స్ కొట్టి బయటికి వస్తే మార్పులు నిలుస్తాయి. అయితే హిస్టరీలో చివరి 100 మార్పులే ఉంటాయి. సేఫ్ మోడ్‌లో ఉండి పెద్ద స్క్రిప్ట్ పేస్ట్ చేస్తే ఆ హద్దు దాటి, చప్పుడు లేకుండా సేఫ్ మోడ్ నుంచి బయటపడతావు. అప్పుడు వెనక్కి తీసే దిక్కు ఉండదు.

మాకు భాకరాపేట ఘాట్ వైపు గుట్ట మీద ఒక టవర్ ఉంది. రాత్రిపూట అక్కడికి మనిషిని పంపడం ఎంత కష్టమో మాకు తెలుసు. సేఫ్ మోడ్ నొక్కకుండా ఆ రౌటర్‌లో ఫైర్‌వాల్ లైన్ ఎవరూ ముట్టుకోకూడదని మా ఆఫీసులో గోడ మీద రాసి పెట్టినాం.

గ్రీమ్స్‌పేట_అక్క

తమ్ముడూ, ఆ పేర్లన్నీ విడివిడి విద్యలనుకుని భయపడొద్దు. మ్యాక్ టేబుల్, ఏఆర్‌పీ, రూటింగ్ టేబుల్, ఓఎస్‌పీఎఫ్ (ఒక నెట్‌వర్క్ లోపలి రౌటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) హలో ఏ కంపెనీ డబ్బాలోనైనా అవే. నేను చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు, కాలేజీలకు నెట్‌వర్క్ పని చేస్తాను. ఏ ఊళ్లో ఏ డబ్బా ఎదురవుతుందో ముందు తెలియదు. కొత్తది కనిపిస్తే నేను కమాండ్ల పట్టిక వెతకను. ముందు మూడు సంగతులు తెలుసుకుంటాను. ఎంటర్ కొట్టగానే మార్పు అమల్లోకి వస్తుందా? కరెంటు పోయి వస్తే ఏం మిగులుతుంది? నా దారి నేనే మూసేసుకుంటే వెనక్కి ఎట్లా వస్తాను? ఈ మూడూ తెలిసిన ఓఎస్ మీద ధైర్యంగా చేయి పెట్టొచ్చు, కమాండ్ ఏమిటో ప్రశ్న గుర్తు కొడితే అదే చెబుతుంది. ఈ మూడూ తెలియకుండా వెయ్యి కమాండ్లు నోటికి వచ్చినా నేనైతే ఆ మనిషికి పాస్‌వర్డ్ ఇవ్వను.

సిస్కో ఐఓఎస్‌లో ఎంటర్ కొట్టిన క్షణమే అమలు. మారేది రన్నింగ్ కాన్ఫిగ్ మాత్రమే. దాన్ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేయకపోతే రీబూట్‌లో పోతుంది. ఈ మాట ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది కానీ, అది పోయేటప్పుడు ఎట్లా కనిపిస్తుందో ఒకసారి చూడాలి. మామిడి సీజన్‌లో చిత్తూరు బయట ఒక గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి వే బ్రిడ్జి కంప్యూటర్‌కి బిల్లింగ్ సర్వర్ కనిపించడం లేదు. గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరి ఉన్నాయి. కాయ ఎండలో ఉంటే రైతుకి తూకంలో నష్టం. స్విచ్‌లో 'షో వీల్యాన్ బ్రీఫ్' కొట్టి చూస్తే వీల్యాన్ 20 పేరుతో సహా ఉంది, దాని ఎదురుగా ఒక్క పోర్ట్ కూడా లేదు. పోర్ట్‌లన్నీ వీల్యాన్ 1లో. చూసేవాళ్లకు ఎవరో కావాలని పీకినట్టు ఉంటుంది. జరిగింది ఏమిటంటే, అంతకు ముందు పని చేసిన కాంట్రాక్టరు సేవ్ చేయకుండా పోయినాడు. ఆ స్విచ్‌లో వీల్యాన్ పేర్లు ఫ్లాష్‌లోని వీల్యాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైల్‌లో అప్పటికప్పుడే నిలిచిపోతాయి. ఏ పోర్ట్ ఏ వీల్యాన్‌లో ఉందన్నది మాత్రం రన్నింగ్ కాన్ఫిగ్‌లో ఉంటుంది. సగం మిగిలి సగం పోయిందంటే కారణం అదే. పోర్ట్‌లను తిరిగి వీల్యాన్‌లో పెట్టి సేవ్ చేస్తే లారీలు కదిలినాయి.

మైక్రోటిక్‌లో ఎంటర్ కొట్టగానే అమలూ అవుతుంది, నిలిచీపోతుంది. సేవ్ అనే మాటే లేదు. అందుకని సిస్కోలో లాగా "రీబూట్ చేస్తే పాతది వస్తుందిలే" అనే దారి అక్కడ లేదు. పీలేరు అన్న చెప్పిన సేఫ్ మోడ్‌కి అంత విలువ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

జూనోస్ దారి వేరే. 1998లో ఎం40 రౌటర్‌తో వచ్చినప్పటి నుంచీ అంతే. నువ్వు కొట్టే 'సెట్' లైన్లన్నీ క్యాండిడేట్ కాన్ఫిగ్‌లోకి పోతాయి, ట్రాఫిక్‌కి ఏమీ కాదు. శుభలేఖ ప్రూఫ్ ఇంటిల్లిపాదీ చూసుకుని, తప్పులు దిద్దుకుని, అప్పుడు అచ్చుకి పంపినట్టు. 'షో', నిలువు గీత, 'కంపేర్' కొడితే ఏ లైన్ కొత్తగా చేరిందో ప్లస్ గుర్తుతో, ఏది పోయిందో మైనస్ గుర్తుతో చూపిస్తుంది. 'కమిట్ చెక్' పొంతన లేనివి ఉంటే చెబుతుంది. 'కమిట్' కొడితే ఒకేసారి అన్నీ అమలవుతాయి, రీబూట్ అయినా నిలుస్తాయి. పాత కాన్ఫిగ్‌లు 0 నుంచి 49 వరకు నంబర్లతో దాచి పెడుతుంది. 'రోల్‌బ్యాక్ 1' కొట్టి కమిట్ చేస్తే ముందటిది వచ్చేస్తుంది.

ఇక నిన్ను అడిగిన ప్రశ్న. 'కమిట్ కన్ఫర్మ్‌డ్ 5' కొడితే మార్పు అమలవుతుంది. 5 నిమిషాల్లోపల నువ్వు మళ్లీ 'కమిట్' కొట్టాలి. నీ కనెక్షన్ తెగిపోయి కొట్టలేకపోతే, రౌటర్ తనే పాత కాన్ఫిగ్‌కి వెళ్లిపోతుంది. నిమిషాలు చెప్పకపోతే 10. మనిషిని పంపే పని లేదు. ఇలాంటిది సిస్కో ఐఓఎస్‌లోనూ చేసుకోవచ్చు. అందరికీ తెలిసిన పాత పద్ధతి: మార్పుకి ముందు ఉన్నది సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' పెట్టి పని మొదలుపెట్టు. బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే సేవ్. దారి మూసుకుపోతే పదో నిమిషంలో స్విచ్ తిరిగి లేచి పాత కాన్ఫిగ్‌తో వస్తుంది. రీబూట్ అక్కర్లేకుండా కావాలంటే ఆర్కైవ్ సెట్ చేసుకుని 'కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్' వాడాలి. ఇది చాలామంది వాడరు, వాడితే బాగుంటుంది.

మీ కొర్లగుంట స్విచ్‌లో హువావే వీఆర్‌పీ ఉంది కదా, మామూలు క్యాంపస్ స్విచ్‌లలో అది కూడా ఎంటర్ కొట్టగానే అమలు, తర్వాత 'సేవ్'. అదే కంపెనీ డేటా సెంటర్ స్విచ్‌లు, అంటే క్లౌడ్ ఇంజిన్ వాటిలో కమిట్ కొట్టాలి. ప్రాంప్ట్‌లో పేరు ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే కమిట్ కానివి మిగిలి ఉన్నాయని అర్థం. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లోనూ కమిట్ ఉంది. చూసినావా, ఒకే కంపెనీలో రెండు పద్ధతులు. డబ్బా మీది పేరు చూసి ఊహించుకోకూడదు.

డీఫాల్ట్‌ల సంగతి ఇంతకంటే ముఖ్యం. ఎర్రర్ చూపించకుండా దెబ్బ కొట్టేవి ఇవే. సిస్కో ట్రంక్ పోర్ట్‌లో (చాలా వీల్యాన్‌లను ఒకే కేబుల్‌లో మోసే పోర్ట్) మొదట అన్ని వీల్యాన్‌లూ దాటుతాయి. హువావే ట్రంక్‌లో వీల్యాన్ 1 తప్ప ఏదీ దాటదు. సిస్కోలో 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30' అంటే ఉన్న లిస్ట్ చెరిపి 30 ఒక్కటే పెడుతుంది, చేర్చాలంటే మధ్యలో 'యాడ్' రాయాలి. హువావేలో 'పోర్ట్ ట్రంక్ అలౌ పాస్ వీల్యాన్ 30' అంటే ఉన్నవాటికి 30 చేరుతుంది. హువావేకి అలవాటు పడ్డ చేయి సిస్కోలో 'యాడ్' లేకుండా కొడితే మీ కస్టమర్లందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. పాత హెచ్‌పీ ప్రోకర్వ్‌లు కాలేజీల్లో ఇంకా ఉన్నాయి, వాటిలో 'ట్రంక్' అంటే రెండు మూడు కేబుళ్లు కట్టకట్టి ఒక లింక్ చేయడం. వీల్యాన్ కావాలంటే వీల్యాన్ లోపలికి పోయి ఏ పోర్ట్ ట్యాగ్‌డ్, ఏది అన్‌ట్యాగ్‌డ్ అని రాయాలి.

రూట్‌ల దగ్గరా అంతే. ఒకే నెట్‌వర్క్‌కి స్టాటిక్ (చేత్తో రాసిన) రూట్ ఉంది, ఓఎస్‌పీఎఫ్ నుంచీ వస్తోంది. ఎవరు గెలుస్తారు? సిస్కోలో స్టాటిక్‌కి ప్రాధాన్య నంబర్ 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110. చిన్న నంబర్‌దే గెలుపు, కాబట్టి స్టాటిక్. హువావేలో ఓఎస్‌పీఎఫ్ 10, స్టాటిక్ 60. అక్కడ ఓఎస్‌పీఎఫ్. జూనోస్‌లో స్టాటిక్ 5, ఓఎస్‌పీఎఫ్ 10, బీజీపీ 170. సిస్కోలో బయటి బీజీపీ 20 కాబట్టి ఓఎస్‌పీఎఫ్ మీద గెలుస్తుంది, జూనోస్‌లో ఓడిపోతుంది. రెండు కంపెనీల రౌటర్లు పక్కపక్కన పెట్టి బ్యాకప్ లింక్ రాసేటప్పుడు ఈ నంబర్లు కాగితం మీద రాసుకోకుండా ముట్టుకోవద్దు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, ఇది ఇంటర్వ్యూలో అడిగినా అడుగుతారు. సిస్కో ఐఓఎస్, జూనోస్ మధ్య జంబో (పెద్ద సైజు) ఫ్రేమ్‌ల కోసం రెండు వైపులా ఎంటీయూ (ఒక్కసారికి పంపే ప్యాకెట్ సైజు హద్దు) 9000 అని పెడతారు. చూడటానికి రెండూ సమానం. పింగ్ పనిచేస్తుంది. ఓఎస్‌పీఎఫ్ మాత్రం ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గర ఆగిపోయి పైకి రాదు. ఐఓఎస్ ఆ 9000ని ఐపీ ప్యాకెట్ సైజుగా లెక్కేస్తుంది. జూనోస్ ఇంటర్‌ఫేస్ మీది ఎంటీయూలో ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కూడా కలిసి ఉంటాయి, అంటే ఐపీకి మిగిలేది 8986. ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ మార్చుకునే ముందు ఎంటీయూ చెప్పుకుంటుంది, పొంతన లేకపోతే ముందుకు పోదు. జూనోస్ వైపు 9014 పెడితే లేస్తుంది. వీల్యాన్ ట్యాగ్ ఉంటే ఇంకో 4 కలపాలి.

వరుస అడిగినావు కాబట్టి నా మాట: ముందు సిస్కో ఐఓఎస్ సీసీఎన్‌ఏ (సిస్కో సర్టిఫికెట్ పరీక్ష) స్థాయికి పూర్తిగా, ఎందుకంటే పుస్తకాలు, ఉచిత పాఠాలు దానికే ఎక్కువ. దాంతోపాటు నీ మైక్రోటిక్ టెర్మినల్‌లో. ఆ తర్వాత జూనోస్. ఈ మూడు పద్ధతులు వచ్చినాక అరిస్టా ఈఓఎస్‌కి పెద్దగా కష్టపడక్కర్లేదు, సిస్కో కమాండ్లతో చాలావరకు నడుస్తుంది. ఎన్‌ఎక్స్ ఓఎస్‌లో ఏది కావాలన్నా ముందు 'ఫీచర్ ఓఎస్‌పీఎఫ్' లాంటి లైన్‌తో ఆన్ చేసుకోవాలి, అది గుర్తుంటే సగం పని అయిపోతుంది. ఎక్స్‌ఆర్ పెద్ద ఆపరేటర్ దగ్గర ఉద్యోగం వస్తే అప్పుడు చూసుకో.

బైరాగిపట్టెడ_ఫైబర్

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. మీ ట్రంక్ మాట చదివి డ్యూటీలో హువావే స్విచ్ కాన్ఫిగ్ తీసి చూశాను. మీరు చెప్పినట్టే, మాకు కావాల్సిన వీల్యాన్‌లు ఒక్కొక్కటీ అలౌ పాస్‌లో రాసి ఉన్నాయి. అవి అక్కడ ఎందుకున్నాయో ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదు.

ఇంట్లో ప్రాక్టీస్ ఎలా? 8 జీబీతో జూనిపర్ నడుస్తుందా? ఆఫీసు డబ్బాల మీద చేయలేను, వాటి మీద కస్టమర్లు ఉన్నారు. ఇంకో సందేహం, జూనిపర్‌ని హెచ్‌పీఈ అనే కంపెనీ కొనేసిందంటున్నారు. ఇప్పుడు జూనోస్ నేర్చుకుంటే వృథా కాదు కదా?

శ్రీసిటీ_నైట్‌షిఫ్ట్

బ్రదర్, అక్క చెప్పినదాన్ని కాదనను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. లైనక్స్ పక్కన పెట్టి ఈ ఓఎస్‌లు మాత్రమే నేర్చుకుంటే కింద ఏం జరుగుతోందో ఎప్పటికీ తెలియదు. ఐఓఎస్ ఎక్స్‌ఈ అంటే లైనక్స్ మీద ఐఓఎస్ ఒక ప్రాసెస్‌గా నడవడమే. ఎన్‌ఎక్స్ ఓఎస్ లైనక్స్. ఎక్స్‌ఆర్ మొదట క్యూఎన్‌ఎక్స్ అనే వేరే ఓఎస్ మీద ఉండేది, తర్వాత లైనక్స్‌కి వచ్చింది. అరిస్టాలో 'బ్యాష్' అని కొడితే సరాసరి లైనక్స్ షెల్‌లోకే పోతావు, ప్యాకెట్లు పట్టి చూపించే టీసీపీడంప్ కూడా అక్కడే కొట్టుకోవచ్చు. రౌటర్ఓఎస్ కెర్నల్ కూడా లైనక్సే. మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టిన సోనిక్ కూడా అంతే. జూనోస్ ఒక్కటే ఫ్రీబీఎస్‌డీ మీద పుట్టింది, దానికీ ఇప్పుడు జూనోస్ ఎవాల్వ్‌డ్ అని లైనక్స్ రకం ఉంది.

అందుకని 'ఐపీ అడ్రస్', 'ఐపీ రూట్', 'బ్రిడ్జ్ వీల్యాన్' కమాండ్లు ముందు రావాలి. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు చేసుకుని వాటి మధ్య వర్చువల్ కేబుళ్లు వేసుకుంటే నీ ల్యాప్‌టాప్‌లోనే పది రౌటర్లు లేస్తాయి, ర్యామ్ కూడా పెద్దగా తినవు. వాటి మీద ఎఫ్‌ఆర్‌ఆర్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అన్నీ ఉంటాయి, దాని షెల్ సిస్కోలాగే ఉంటుంది.

రెండోది పైథాన్. మా ప్లాంట్‌లో ఒకే మార్పు పదుల స్విచ్‌లలో చేయాల్సి వస్తుంది. ఒక్కోదానిలో లాగిన్ అయ్యే రోజులు పోయాయి. నెట్‌మికో అనే పైథాన్ లైబ్రరీతో మొదలుపెట్టి, చాలా డబ్బాలను ఒకేసారి మార్చే యాన్సిబుల్‌కి పో.

గ్రీమ్స్‌పేట_అక్క

శ్రీసిటీ తమ్ముడు లైనక్స్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. పైథాన్ విషయంలో వరుస మార్చమంటాను. చేత్తో చేస్తే పొరపాటు ఒక స్విచ్‌లో ఆగుతుంది. స్క్రిప్ట్‌తో చేస్తే 'యాడ్' అనే ఒక్క మాట మరిచినా 40 స్విచ్‌లలో ఒకేసారి లిస్ట్ చెరిగిపోతుంది. ముందు ఏ ఓఎస్ ఎట్లా వెనక్కి వస్తుందో చేతికి రావాలి, తర్వాతే స్క్రిప్ట్. అప్పుడు కూడా నేపామ్ అనే పైథాన్ లైబ్రరీ లాంటిది వాడితే, పంపే ముందు తేడా చూపించి, వెనక్కి తీసే సౌకర్యం కూడా ఇస్తుంది.

ఫైబర్ తమ్ముడూ, ల్యాబ్ సంగతి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, నీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. అది నిజమైన ఐఓఎస్ కాదు, దాన్ని అనుకరించే ప్రోగ్రాం. కొన్ని కమాండ్లు ఉండవు, సీసీఎన్‌ఏ దాకా అది చాలు. మైక్రోటిక్ వాళ్లు సీహెచ్‌ఆర్ అని వర్చువల్ రౌటర్ ఇస్తారు. ఉచిత లైసెన్స్‌లో ఒక్కో ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి 1 ఎంబీపీఎస్ దాటదు, నేర్చుకోవడానికి ఆ వేగంతో పనేముంది. 256 ఎంబీ ర్యామ్ ఇస్తే లేస్తుంది.

జూనిపర్ వాళ్ల వీజూనోస్ స్విచ్ ఇమేజ్ ఉచితంగా దొరుకుతుంది కానీ ఒక్కటే దాదాపు 5 జీబీ తింటుంది. నీ 8 జీబీలో విండోస్ పోగా మిగలదు. దానికోసం ల్యాప్‌టాప్ మార్చే ఖర్చు పెట్టుకోవద్దు. జూనిపర్ వీల్యాబ్స్ అని బ్రౌజర్‌లోనే ఉచితంగా వాడుకునే ల్యాబ్ ఉంది, అకౌంట్ తెరిచి టైమ్ బుక్ చేసుకోవాలి. రోజూ అది కుదరకపోతే వైఓఎస్ అనే లైనక్స్ రౌటర్ ఓఎస్ రోలింగ్ వెర్షన్ దించుకో. 1 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది. వయాటా అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ కంపెనీని బ్రొకేడ్ కొన్నాక, దాని ఓపెన్ సోర్స్ కోడ్‌తో 2013లో విడిపోయి వచ్చింది. సెట్, కమిట్, కంపేర్ అన్నీ జూనోస్ బాటలోనే ఉంటాయి. ఒక తేడా: జూనోస్‌లో కమిట్ అయితే నిలిచిపోతుంది, వైఓఎస్‌లో కమిట్ తర్వాత 'సేవ్' కూడా కొట్టాలి.

హెచ్‌పీఈ కొన్న మాట నిజమే, 2025 జులైలో ముగిసింది. వృథా కాదు. నడుస్తున్న ఎంఎక్స్‌లను ఆపరేటర్లు ఒక్క రోజులో పీకి పారేయరు. నీకు కావాల్సింది క్యాండిడేట్, కమిట్ అనే పద్ధతి చేతికి రావడం. అది ఎక్స్‌ఆర్‌లో ఉంది, వైఓఎస్‌లో ఉంది, క్లౌడ్ ఇంజిన్‌లో ఉంది.

ల్యాబ్‌లో చేయాల్సింది పెద్దది ఏమీ వద్దు. రెండు వీల్యాన్‌లు, వాటి మధ్య రూటింగ్, ఒక ఓఎస్‌పీఎఫ్ పొరుగు, బయటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) ఒక ఐపీకే అనుమతించే ఫిల్టర్. ఈ ఒక్క పనినే ప్రతి ఓఎస్‌లో చెయ్. చేసినాక నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో కమాండ్లు, కుడి పేజీలో నా మూడు ప్రశ్నలకి జవాబులు. కుడి పేజీ నువ్వు కళ్లారా చూసి రాయాలి, ఎక్కడో చదివింది రాయకూడదు. వర్చువల్ డబ్బా ప్లగ్ పీకినట్టు ఆపెయ్, ఫిల్టర్‌తో నీ ఎస్‌ఎస్‌హెచ్ కావాలనే మూసెయ్, ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూడు.

బైరాగిపట్టెడ_ఫైబర్

అక్కా, మొదలుపెట్టాను. సీహెచ్‌ఆర్ ఒకటి, వైఓఎస్ ఒకటి, ఉబుంటులో ఎఫ్‌ఆర్‌ఆర్ ఒకటి. మూడూ కలిసి ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి.

మీరు చెప్పినట్టు ఆపి చూశాను. వైఓఎస్‌లో కమిట్ చేసి, సేవ్ చేయకుండా పవర్ ఆఫ్ చేస్తే కొత్త ఐపీ పోయింది. సీహెచ్‌ఆర్‌లో అదే పని చేస్తే నిలిచింది. సేఫ్ మోడ్ పెట్టి సీహెచ్‌ఆర్‌లో నా ఎస్‌ఎస్‌హెచ్ నేనే బ్లాక్ చేశాను. వెంటనే రాలేదు. కాసేపు ఆగాల్సి వచ్చింది, ఆ తర్వాత రూల్ దానంతటదే పోయి లాగిన్ అయింది.

ఓఎస్‌పీఎఫ్ మూడింటి మధ్యా లేచింది. ఒకచోట ఆగాను. సీహెచ్‌ఆర్‌కీ ఎఫ్‌ఆర్‌ఆర్‌కీ వేర్వేరు ఏఎస్ నంబర్లు (బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌ని గుర్తించే నంబర్లు) ఇచ్చి బీజీపీ పెట్టాను. సెషన్ నిలబడింది, ఎన్ని నిమిషాలైందో కూడా చూపిస్తోంది. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో 'షో బీజీపీ సమ్మరీ' కొడితే ప్రిఫిక్స్‌ల (వచ్చిన నెట్‌వర్క్ అడ్రస్‌ల) సంఖ్య ఉండాల్సిన చోట బ్రాకెట్లలో 'పాలసీ' అని ఉంది. ఒక్క రూట్ కూడా రావడం లేదు. ఎర్రర్ ఏమీ లేదు.

పీలేరు_వైర్‌లెస్

సేఫ్ మోడ్ ఆలస్యం మామూలే తమ్ముడూ. కనెక్షన్ చచ్చిపోయిందని టీసీపీ తేల్చుకునే దాకా ఆగుతుంది. ఆ టైమ్‌అవుట్ 9 నిమిషాలు. ఆ లోపల కంగారుపడి ఎవరినో పంపి రీబూట్ కొట్టించొద్దు. బీజీపీ సంగతి అక్కే చెప్పాలి.

గ్రీమ్స్‌పేట_అక్క

సెషన్ బాగుంది, నీ ఐపీలు బాగున్నాయి. ఇది డీఫాల్ట్. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం, బయటి ఏఎస్‌తో బీజీపీ పెట్టుకుని ఏది తీసుకోవాలో, ఏది పంపాలో నువ్వు రాయకపోతే, ఏదీ తీసుకోకూడదు, ఏదీ పంపకూడదు. ఎఫ్‌ఆర్‌ఆర్ దాన్ని పాటిస్తుంది. నువ్వు పాలసీ రాయలేదని ఆ బ్రాకెట్లలో చెబుతోంది. సిస్కో ఎక్స్‌ఆర్ కూడా పాలసీ లేకపోతే ఇట్లాగే ఆపేస్తుంది. మామూలు ఐఓఎస్ అయితే అడగకుండానే అన్నీ తీసుకుని అన్నీ పంపేస్తుంది. ఎవరివో రూట్లు పొరపాటున ఇంకెవరికో పోయి ఇంటర్నెట్ తెగిన సంఘటనలకు అదొక కారణం.

'నో బీజీపీ ఈబీజీపీ రిక్వైర్స్ పాలసీ' అని ఒక లైన్ కొడితే రూట్లు వచ్చేస్తాయి. నెట్‌లో వెతికితే అందరూ అదే చెబుతారు. నువ్వు అది కొట్టొద్దు. సీహెచ్‌ఆర్ నుంచి రావాల్సిన నెట్‌వర్క్‌లు మాత్రమే ఉండేట్టు ఒక ప్రిఫిక్స్ లిస్ట్ రాయి, దాన్ని రూట్ మ్యాప్‌లో (రూట్లకు నియమాలు రాసే చోట) పెట్టి, ఆ పొరుగుకి లోపలికి ఒకటి, బయటికి ఒకటి తగిలించు. బయటికి రాసేదాంట్లో నీ సొంత నెట్‌వర్క్‌లు తప్ప ఏదీ ఉండకూడదు. తర్వాత 'క్లియర్ బీజీపీ', స్టార్ గుర్తు, 'సాఫ్ట్' కొడితే సెషన్ తెగకుండా రూట్లు మళ్లీ లెక్కేసుకుంటుంది. పాలసీ అన్నచోట సంఖ్య కనిపించాలి. అది నీ లిస్ట్‌లో ఉన్నవాటితో సరిపోయిందో లేదో లెక్కపెట్టి ఇక్కడ రాయి, ఆ తర్వాత సీహెచ్‌ఆర్ వైపు ఫిల్టర్ రాద్దాం.